తొలి డోసుకు ముందే రక్తం తీయాలి

దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి జ్వరంతో, పడిపోయిన బీపీతో పెద్ద దవాఖానకు వచ్చే రోగికి చాలాసార్లు అప్పటికే ఊళ్లో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ సూదులు పడి ఉంటాయి. ఆ తర్వాత తీసిన రక్తంలో బ్యాక్టీరియా పెరగక, కల్చర్ (రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో ఉంచి బ్యాక్టీరియాను పెంచే పరీక్ష) రిపోర్టు ‘నో గ్రోత్’ అని వస్తుంది. మందులకు లొంగని బ్యాక్టీరియాను గంటల్లో పట్టే యంత్రాలు జిల్లాలకూ కావాలన్న మాట న్యాయమైనదే. అయితే ఎక్కువ కాలం వృథా అయ్యేది యంత్రం బయటే.

పెద్దల రక్తంలో మిల్లీలీటరుకు ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండకపోవచ్చు. అందుకే ఒక్కో కల్చర్ సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, రెండు చోట్ల విడివిడిగా గుచ్చి తీయాలి. చర్మానికి రాసిన క్రిమిసంహారిణి క్లోర్‌హెక్సిడిన్ ఆరేదాకా ఆగకపోతే చర్మంపై ఉండే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా సీసాలోకి దిగుతుంది, దాన్నే రోగకారకం అనుకుని అక్కర్లేని వాంకోమైసిన్ యాంటీబయాటిక్ మొదలవుతుంది. సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మూత్రం శాంపిల్‌ను పెడతారు కదా అని దీన్నీ పెట్టేవాళ్లున్నారు!

సీసా పాజిటివ్ అని, అంటే బ్యాక్టీరియా పెరిగిందని తేలాక పాత పద్ధతిలో ప్లేటుపై కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) పెంచి, వాటిపై యాంటీబయాటిక్ అద్దిన డిస్కులు పెట్టి చదివేసరికి ఇంకో రెండు రోజులు. యూరప్ ప్రమాణాల సంస్థ యూకాస్ట్ పద్ధతిలో సీసాలోని ద్రవాన్నే సుమారు 125 మైక్రోలీటర్లు ముల్లర్-హింటన్ అగార్ అనే పోషక జెల్లీ ప్లేటుపై పరిచి, డిస్కులు పెట్టి 4, 6, 8 గంటలకు జోన్ (డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) కొలుస్తారు. కొలిచిన ప్లేటు పది నిమిషాల్లో తిరిగి ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాలి. ప్లేట్లు, డిస్కులు కల్చర్ చేసే ప్రతి ల్యాబులో ఉండేవే. చిక్కల్లా జాతి గుర్తింపు దగ్గర. మందు పనిచేస్తుందో లేదో తేల్చే జోన్ కొలతల హద్దులు జాతిని బట్టి మారతాయి: ఈ-కొలై బ్యాక్టీరియా హద్దులు క్లెబ్సియెల్లా అనే మరో జాతికి వర్తించవు, నాలుగు గంటల హద్దు ఆరు గంటలకు పనికిరాదు. అనుమానపు పరిధిలో పడిన జోన్‌కు ఫలితం రాయకుండా తర్వాతి కొలత వేళకు మళ్లీ కొలవాలి.

కార్బపెనిమ్‌లు (తీవ్ర ఇన్‌ఫెక్షన్లకు దాచుకునే బలమైన యాంటీబయాటిక్‌లు) పనిచేయకపోతే, వాటిని విరిచేసే బ్యాక్టీరియా ఎంజైమును పావుగంటలో చూపే పట్టీ పరీక్ష ఉంది. ఆ ఎంజైము ఎన్‌డీఎం అనే రకం అయితే సెఫ్టాజిడిమ్-ఎవిబాక్టం అనే జంట మందు ఒక్కటే చాలదు, ఆజ్ట్రియోనామ్ అనే యాంటీబయాటిక్ తోడు కావాలి. పట్టీపై గీత రానంత మాత్రాన కార్బపెనిమ్‌లలో ఒకటైన మెరోపెనిమ్ పనిచేస్తుందని రాసేయకూడదు. పట్టీ వెతికే ఎంజైములతో కాక వేరే దారిలో మందును తప్పించుకునే బ్యాక్టీరియాను ఈ పట్టీ పట్టలేదు.

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇలాంటి చోట్ల సర్కారు ముందుగా చేయాల్సింది రాత్రి డ్యూటీకి టెక్నీషియన్‌ను, ఫోన్‌లో అందుబాటులో ఉండే మైక్రోబయాలజిస్టును ఇవ్వడం. మధ్యాహ్నం రెండింటికి ప్లేటు వేస్తే చివరి కొలత రాత్రి పదికి. ఆ ఫలితాన్ని వార్డు డాక్టరుకు అప్పుడే ఫోన్ చేసి చెప్పాలి, చెప్పిన సమయం రిజిస్టరులో రాయాలి.