20 రెట్లు చూపిస్తుందట, 1,500 రూపాయలకే!

వారం నుంచి మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్. లక్షలు పోసి స్వరోవ్‌స్కీ, జైస్ బైనాక్యులర్లు కొనడం బ్రాండ్ పిచ్చి, 1,500కి దొరికే 20×50 (అంటే 20 రెట్లు, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు) అంతకంటే ఎక్కువ చూపిస్తుంది, పైగా ఎర్రగా మెరిసే రూబీ కోటింగ్, అద్దం ఎక్కడైనా అద్దమే అని.

ముందు ఆ 20 సంగతి. పిట్టతో పాటు మీ చేతి వణుకు కూడా 20 రెట్లవుతుంది. అలాంటిదే ఒకటి కోఠిలో కొని అమీన్‌పూర్ చెరువు గట్టున నిలబడి లకుముకి పిట్టను చూద్దామంటే, తీగ, పిట్ట, చెరువు అన్నీ కలిసి ఉయ్యాలూగాయి, దాని ముక్కు రంగు కూడా తేలలేదు. ఇంకోటి, 50ని 20తో భాగించండి. కంటికి చేరే వెలుగు చుక్క 2.5 మిల్లీమీటర్లే. 8×42లో అది 5.25. పొద్దుగూకే వేళ కంటిపాప విచ్చుకున్నప్పుడు తెలుస్తుంది అసలు తేడా.

రూబీ కోటింగ్ మెరుస్తుందంటే ఎర్రటి వెలుగును బయటికి తిప్పికొడుతోందని అర్థం. ఇక లోపలికి వచ్చేదేంటి, ఆకుపచ్చ ఛాయ పట్టిన బొమ్మ.

అద్దం అంతా ఒకటేనా? షాపులోనే చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. బైనాక్యులర్‌ను చెయ్యంత దూరంలో పట్టుకుని ఆకాశం వైపు తిప్పి, కన్ను పెట్టే వైపు నుంచి చూడండి. వెలుగు చుక్క గుండ్రంగా ఉంటే సరే, అంచులు కోసేసినట్టు చదరంగా కనబడితే లోపల నాసిరకం ప్రిజం. నిటారు గొట్టాల మోడళ్లలో ప్రిజానికి ఫేజ్ కోటింగ్ కూడా కావాలి, లేకపోతే ఈకల గీతలు మొద్దుబారతాయి. జైస్ దాన్ని 1988లోనే తెచ్చింది.

మెసేజ్‌లో ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా: ధర పెరిగినంతగా చూపు పెరగదు. వెయ్యి మీటర్ల దూరంలో స్వరోవ్‌స్కీ ఎన్ఎల్ ప్యూర్ 8×42 చూపించే వెడల్పు 159 మీటర్లు, జైస్ ఎస్ఎఫ్ 148, నికాన్ మోనార్క్ ఎం5 112. ఎన్ఎల్ బరువు 840 గ్రాముల దాకా ఉన్నా నడుము సన్నగా ఉండటంతో చేతిలో ఇట్టే ఇముడుతుంది, ఒకసారి పట్టుకుంటే తిరిగివ్వబుద్ధి కాదు. కానీ ఎన్నో రెట్లు తక్కువ ధరకొచ్చే ఎం5లోనూ అంచుల్లో రంగులు చిమ్మకుండా చూసే ఈడీ గ్లాసు, ఫేజ్ కోటింగ్ ఉన్నాయి. నా జేబుకు అదే.

మెసేజ్ పంపిన బాబాయిని ఆదివారం అమీన్‌పూర్ రమ్మన్నాను, నాది కూడా తెస్తానని. ఆయన 20×50కి స్టాండు మాత్రం ఆయనే మోసుకురావాలి.