ఆపే తేదీ లేని చీటీ

(అనంతపురం పాతూరులో ముప్పై ఏళ్లు మందుల షాపు నడిపి, ఈ మధ్యే కొడుక్కి అప్పజెప్పిన రమణయ్య ఒకవైపు. ఆయన చెల్లెలి కూతురు, ఆస్పత్రి మానసిక విభాగంలో నర్సు సుజాత ఇంకోవైపు. రమణయ్య చేతిలో ఎవరిదో మందుల చీటీ ఉంది.)

రమణయ్య: ఇది చూడమ్మా. శనక్కాయ పంట పోయి, బ్యాంకు నోటీసు వచ్చి, నిద్ర లేదని డాక్టరు దగ్గరికి పోయిన రైతుకు రాసింది. పొద్దున డిప్రెషన్‌కు ఎస్సిటాలోప్రామ్, రాత్రి నిద్రకు క్లోనాజెపామ్, గ్యాస్‌కు ఒకటి, బలానికి ఒకటి. అప్పు ఎంతుందని అడిగినారా అంటే, లేదంట. వాన పడకపోతే మెదడుకు మాత్రలెందుకు?

సుజాత: అప్పులున్నోళ్లకు డిప్రెషన్ రాదా మామా? గట్టు మీద జారినాడని తెలిస్తే, విరిగిన కాలికి కట్టు కట్టరా? ఆ రైతు అన్నం మానేసి, బతకాలని లేదంటుంటే వాన కోసం చూడమంటావా?

రమణయ్య: అట్లాంటి మనిషికి ఇవ్వొద్దని నేనన్నానా? నేను అడిగేది వేరే. ఈ మాత్రలకు మొదలుపెట్టే రోజుంటుంది, డోసు పెంచే రోజుంటుంది, ఆపే రోజే ఉండదు. నిద్ర మాత్ర మహా అయితే నాలుగు వారాలు వాడాలని మీ పుస్తకాల్లోనే ఉంది. పదేళ్లుగా మింగేవాళ్లు నాకు పేరు పేరునా తెలుసు. అదే చీటీ తెస్తారు, మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి మరీ. ఇంకో డాక్టరు దగ్గరికి పోతే పాతది తీసేయడు, కొత్తది చేరుస్తాడు. పెద్ద మానసిక జబ్బు మందుకు చేతులు వణుకుతాయా, వణుకుకు ఒక మాత్ర. దాంతో నోరెండి, మలబద్ధకం పట్టుకుంటుందా, దానికింకొకటి. ఇంట్లోవాళ్లేమో జబ్బు ముదిరిందని ఏడుస్తారు. ముదిరింది చీటీ.

సుజాత: మందులు పనిచేయవన్నట్టు మాట్లాడొద్దు. 2018లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. 522 ప్రయోగాలు కలిపి చూస్తే, డిప్రెషన్‌కు వాడే 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే బాగానే పనిచేశాయి.

రమణయ్య: ఎంత బాగా? కాస్త. అదీ ఎనిమిది వారాల లెక్క. మనవాళ్లు మింగేది ఎనిమిదేళ్లు.

సుజాత: అసలు మాత్రే అందనివాళ్ల సంగతేంది? 2015-16 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా మానసిక సమస్య ఉందని తేలింది. చాలా జబ్బుల్లో పదిమందికి ఏడుగురికి పైగా చికిత్సే లేదు. 2001లో తమిళనాడు ఏర్వాడిలో 28 మంది మానసిక రోగులు కాలిపోయినారు, గుర్తుందా? గొలుసులతో కట్టేసి ఉంటే పారిపోలేకపోయినారు. వాళ్లకు మాత్రలు ఎక్కువై కాదు మామా.

(రమణయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. దీనికి జవాబు లేదని పక్కన వింటున్న నాకూ అనిపించింది.)

రమణయ్య: అది నిజమే. పక్కన బళ్లారిలో 1985 ప్రాంతంలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసిందీ అందుకే కదా. పీహెచ్‌సీ డాక్టర్లకు నేర్పించి, కొన్ని మందులిచ్చి, ఊళ్లోనే చూడమన్నారు. దాన్ని చూసే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. మందులైతే మన ఊరిదాకా వచ్చినాయి. కూర్చుని మాట్లాడే మనిషి రాలేదు.

సుజాత: ఓపీ లైను గేటు దాకా ఉంటే ఎవరు కూర్చుంటారు? సరేగానీ, టేపు అంటించిన చీటీకి మాత్రలిచ్చింది ఎవరు?

రమణయ్య: నేను ఇవ్వకపోతే పక్క షాపువాడు ఇస్తాడు.

సుజాత: 2014 నుంచి కంగారుకు, నిద్రకు ఇచ్చే ఆల్‌ప్రాజోలం చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా హెచ్1 షెడ్యూల్‌లో ఉంది. డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చిందీ వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. నీ రిజిస్టరు తీయి, చూద్దాం.

రమణయ్య: ఉంది. ఇన్‌స్పెక్టరు వస్తాడంటే కూర్చుని రాసేవాళ్లం.

సుజాత: అత్తకు ఏ చీటీ మీద ఇస్తున్నావు?

రమణయ్య: మీ అత్త సంగతి వేరే. పాప పెళ్లై పోయినప్పుడు నిద్ర పట్టలేదని...

సుజాత: ఎన్నేళ్లయింది?

రమణయ్య: మనమరాలు ఇప్పుడు ఆరో తరగతి. సరేలే, ఇంత గొడవెందుకు, రేపటి నుంచి ఆపేస్తా.

సుజాత: ఆపొద్దు! ఇన్నేళ్ల తర్వాత ఒక్కసారిగా ఆపితే వణుకు, కంగారు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చూసి, వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించాలి.

రమణయ్య: అంటే ఆపడానికీ చీటీ కావాలి. నేను ఇందాకటి నుంచి మొత్తుకునేది అదే కదమ్మా! ముప్పై ఏళ్లలో నా కౌంటరు మీదికి అట్లాంటి చీటీ ఒక్కటి రాలేదు.

సుజాత: సోమవారం అత్తను పిలుచుకొని రా. లైన్లో నేను నిలబడతా.

రమణయ్య: సోమవారం రష్షు.

సుజాత: మంగళవారం?

రమణయ్య: మంగళవారం మీ అత్త ఆస్పత్రి గడప తొక్కదు. బుధవారం చూద్దాం.