పంచె మీద సాలీడు

తిరుపతి నుంచి బయలుదేరిన మా యాత్రా బస్సు శ్రీకాళహస్తికి కేటాయించింది ఒక్క పూట; అందులో కలంకారీ పనివారి ఇంటికి ఇరవై నిమిషాలు, మిగిలినదంతా గుడికి. దైవదర్శనానికి వెళ్లే మనిషి మల్లెపూవులా ఉండాలన్న మా ఆవిడ పట్టుదల వల్ల నేను ఇస్త్రీ చేసిన తెల్లని నూలు పంచె కట్టుకుని, కూర్చుంటే నలుగుతుందని దారిలో సగం దూరం నిలబడే ప్రయాణం చేశాను. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010లో కూలిపోయిన సంగతిని గైడు గొంతు తగ్గించి, దాని స్థానంలో లేచిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగిన సంగతిని గొంతు పెంచి చెబుతుంటే, ఆ హెచ్చుతగ్గులన్నీ నా చెవి పక్కనే జరిగాయి.

ముప్పై ఏళ్లు ఇంటర్మీడియెట్ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన నాకు రంగుల సంగతి మరొకరు చెప్పవలసిన పని లేదనే ధీమా ఉండేది. అందుకే పెద్దాయన ఒకరు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచుతూ, పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కలకు పాకదని వివరిస్తుంటే, నేను అందరికంటే ముందుకు వంగి, "ఔనౌను" అని తలాడించాను. ఆ వంగడంలో పంచె చెంగు గంగాళంలో మునిగింది. పిండి చూస్తే లేత పసుపు ఛాయ తప్ప మరేమీ లేదు. ఆ తడి చెంగును చేత్తో పట్టుకుని, మా ఆవిడ కంటబడకుండా తర్వాతి కుండ దగ్గరకు నడిచాను.

ఆ కుండలో ఇనుప తుక్కు, బెల్లం, నీళ్లు వారాల తరబడి పులుస్తున్నాయి. వాసనకు ఆడవాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. బొమ్మల్లో కనిపించే నలుపు ఇదేనని గైడు చెప్పగానే, పలచని టీ నీళ్లలా ఉన్న దీనికి నలుపు ఎక్కడి నుంచి వస్తుందని ఒకాయన అడిగాడు. పెద్దాయన నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. పులుపులో కరిగిన ఇనుము లవణమవుతుందనీ, దానికదిగా అది నల్లగా ఉండదనీ చెప్పి, కావాలంటే చూడండంటూ కుండలో వేలు ముంచి, చేతిలో ఉన్న చెంగుకే తుడిచాను.

"అయ్యా, దాని మీద వద్దు!" అన్న మాట నాకు చేరేసరికి రూపాయి బిళ్లంత మచ్చ కాటుకలా నల్లబడింది. పెద్దాయన చెప్పినట్టే పక్కలకు మాత్రం పాకలేదు. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుము లవణం కలిపి, పాతకాలపు సిరా ఇలాగే తయారయ్యేదని ఏటా తరగతిలో చూపించినవాణ్ణి నేనే. బట్టల మీద పడనీయకండర్రా అని పిల్లలను హెచ్చరించినవాణ్ణీ నేనే.

సబ్బు పెడితే పోతుందా అని మా ఆవిడ అడిగింది. పోయే రంగు వేయడం తమ ఇంటావంటా లేదని పెద్దాయన కొంచెం నొచ్చుకుంటూనే, ఆమె ముఖం చూసి జాలిపడి, కొనకు ఉన్ని చుట్టి దారంతో బిగించిన వెదురు కలం అందుకున్నారు. ఈ ఊరి పేరులో శ్రీ అంటే సాలీడు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. పడింది గుండ్రని మచ్చ కనుక కాళ్లు పెడితే సాలీడవుతుందని ఆయన తేల్చారు. ఎనిమిది కాళ్లు చకచకా గీశారు గానీ, కరక్కాయ నీళ్లు తగిలిన మేర ఐదు కాళ్లు మాత్రమే నల్లబడ్డాయి. తడి తగలని చోట పడిన మూడూ టీ రంగులోనే ఉండిపోయాయి. మిగతా మూడింటికీ రంగు రావాలంటే పంచె మొత్తం విప్పి ఇవ్వాలన్నారు. ఆ ఒక్క సలహాను నేను పాటించలేదు.

అప్పటికి ఇరవై నిమిషాలూ అయిపోయాయి. గుడి ముందు గైడు శివుణ్ణి కొలిచిన సాలీడు కథ చెబుతూ, గోపురం వైపు చూపవలసిన చేతిని నా మోకాలి వైపు చూపించాడు. పక్క బస్సులోంచి దిగిన ఒక పెద్దావిడ వంగి పరిశీలించి, పనితనం బాగుందనీ, దీనికి ఎంత పెట్టారనీ అడిగింది.

"ముప్పై ఏళ్ల సర్వీసు పెట్టారండీ" అంది మా ఆవిడ.