రొటీన్ గారికి, తిరిగి డ్యూటీలో చేరే విషయమై

గౌరవనీయులైన రొటీన్ గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను, కాకపోయినా నాకు తెలిసే దారి లేదు, మనిద్దరికీ మాటల్లేక చాలాకాలమైంది కదా. సంగతేంటంటే బ్రేక్ అయిపోయిందండీ. నాలుగు రోజులు రెస్ట్ తీసుకుందాం అని మొదలెట్టింది కాస్తా సాగీ సాగీ, రెస్ట్ ఏదో మామూలు రోజేదో తేడా తెలీని స్థితికి వచ్చేసింది, ఇంక మీ గుమ్మం ఎక్కక తప్పట్లేదు. ఐతే చేరేముందే మీ గురించి నాలుగు మాటలు మొహమ్మీద చెప్పేయాలని ఉంది, ఒకసారి మీ చేతికింద పడ్డాక నాకు నోరు లేవదు, లేచినా టైముండదు.

ముందు మీ రాకపోకల సంగతి. రమ్మంటే నెలలు తిప్పించుకుంటారు, పోవడానికి మాత్రం ఒక్క జ్వరమో ఒక్క పెళ్ళో చాలు, చెప్పాపెట్టకుండా మాయం. అసలు మీరు ఎన్నాళ్ళకి కుదురుకుంటారో కూడా మాకెవరూ సరిగ్గా చెప్పలేదు. 21 రోజులు వరసగా చేస్తే ఏదైనా అలవాటైపోతుందని ప్రతి వీడియోలోనూ ఎవరో ఒకరు చేతులూపుకుంటూ చెప్తారు. ఆ 21 ఎక్కడిదో చూస్తే, అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని ఒక ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు అద్దంలో తమ కొత్త మొహానికి అలవాటు పడ్డానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని గమనించి 1960లో రాశాడు. దారిలో ఎక్కడో ఆ "కనీసం" జారిపోయింది, ఆపరేషనూ జారిపోయింది, మాదాకా వచ్చింది 21 ఒక్కటే. కొత్త ముక్కుకి అలవాటు పడ్డానికీ తెల్లారగట్ల లేచి పరిగెత్తడానికీ ఏమైనా సంబంధముందా అండీ? ముక్కు మనం లేచినా లేవకపోయినా మొహమ్మీదే ఉంటుంది!

నిజంగా లెక్కపెట్టి చూసినవాళ్ళు లండన్లో ఉన్నారు. ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆవిడ టీము, 96 మందిని తీసుకుని ఎవరికి నచ్చిన చిన్న అలవాటు వాళ్ళని రోజూ చేయమని 12 వారాలు గమనించారు. ఫలితాలు 2010లో పత్రికలో అచ్చయ్యాయి. సగటున 66 రోజులు పట్టింది, ఒకళ్ళకి 18కే ఐపోయింది, ఇంకొకళ్ళ లెక్క 254 దాకా పోయింది (ప్రయోగం 12 వారాలే కాబట్టి ఆ 254 గ్రాఫుని సాగదీస్తే వచ్చిన అంచనా లెండి, ఆ మనిషి ఇంకా చేస్తూనే ఉన్నాడేమో పాపం). గ్లాసు మంచినీళ్ళు తాగడం లాంటివి తొందరగా అతుక్కున్నాయి, వ్యాయామాలు మొండికేశాయి. అంటే మీరు కూడా సులువైనవాళ్ళ దగ్గరే త్వరగా స్థిరపడతారన్నమాట, ఆ మాట ముందే చెప్పొచ్చుగా.

అదే పరిశోధనలో ఇంకో ముక్క ఉంది, మీరు కావాలనే దాచారని నా అనుమానం. మధ్యలో ఒక్కరోజు తప్పితే కొంప మునగదు, అలవాటు ఏర్పడే తీరులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదట. కానీ 1890లో విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, మహానుభావుడు, ఒక్కసారి తప్పినా చుడుతున్న దారపుండ చేజారినట్టే, ఎన్నో చుట్లు ఊడిపోతాయి అని రాసిపెట్టి పోయాడు. అప్పట్నుంచి జనం ఆ ఉండని గుండెలకి హత్తుకుని తిరుగుతున్నారు. ఇప్పుడైతే ఆ భయాన్ని యాప్‌లలో పెట్టి అమ్ముతున్నారు. ఒక్కరోజు మానేస్తే చాలు, అన్నాళ్ళు పేరుకున్న అంకె సున్నా ఐపోతుంది, కింద ఓ బొమ్మ ఏడుస్తుంటుంది, రాత్రి పదకొండున్నరకి "మిమ్మల్ని మిస్సవుతున్నాం" అని మెసేజ్ వస్తుంది. ఇంట్లోవాళ్ళు కూడా అంత ప్రేమగా ఎప్పుడూ అడగలేదండీ. ఒక్కరోజు పోయినందుకు కాదు మేం మానేసేది, ఆ సున్నా చూసి మానేస్తాం.

ఇక నిద్ర. బ్రేక్‌లో లేటుగా పడుకోవడం అంతా నా బద్ధకమే అని మీ తరఫువాళ్ళు అంటారు కానీ అందులో మా ఒంట్లో గడియారం వాటా కూడా ఉంది. 1999లో హార్వర్డ్ వాళ్ళు కొంతమందిని మసక వెలుతురు గదుల్లో పెట్టి, రోజుకి 28 గంటలు అన్నట్టు నడిపి చూస్తే, మనిషి లోపలి గడియారం సగటున 24 గంటల 11 నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతోందని తేలింది. పొద్దుటి వెలుతురు కంట్లో పడి దాన్ని రోజూ దిద్దకపోతే అది తనంతట తనే ఆలస్యం వైపు జారుకుంటుంది. అందుకే లేటుగా పడుకోవడానికి ఎవరికీ ట్రైనింగ్ అక్కర్లేదు, పెందలాడే పడుకోవడం మాత్రం ఎదురీత. కర్టెన్లు వేసుకుని పదింటిదాకా ముసుగు తన్ని, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ వెలుతురు మొహానికి పట్టించుకుంటే, మంచం ఉన్నచోటే ఉంటుంది, ఒళ్ళు మాత్రం వేరే దేశం టైములో ఉంటుంది. మ్యూనిక్‌లో టిల్ రోనెబర్గ్ బృందం 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టారు. విమానం ఎక్కలేదు, ఒక్క ఫోటో దిగలేదు, జెట్‌లాగ్ మాత్రం వచ్చింది!

ఆ స్థితిలో ఉన్నవాణ్ణి మీరు మొదటిరోజే ఐదింటికి రమ్మంటారు. పదింటి నుంచి ఐదింటికి, ఒక్క రాత్రిలో. అలారం మోగుతుంది, ఎవరి ఫోనో అనుకుంటాను, అది నాదే. ఎలాగో లేచినా బుర్ర రావడానికి ఇంకో అరగంట పడుతుంది, స్లీప్ ఇనర్షియా అంటారట, ఆ అరగంటలో మనిషి బ్రష్ మీద ఫేస్‌వాష్ వేసుకుని, నోట్లో పెట్టుకుని, పేస్ట్ రుచి మార్చారేంటబ్బా అని ఆలోచిస్తూ నిలబడగలడు.

సరే లేచాం. ఇప్పుడు ఒళ్ళు వంచాలి. ఇక్కడ మీకో పాత కథ గుర్తుచేస్తాను. 1966లో డాలస్‌లో ఐదుగురు 20 ఏళ్ళ కుర్రాళ్ళని మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టి చూశారు. వాళ్ళ గుండె పనితీరు, దమ్ము రెండూ ఘోరంగా పడిపోయాయి. 30 ఏళ్ళ తర్వాత, యాభైల్లో పడ్డ ఆ ఐదుగురినే మళ్ళీ పిలిచి పరీక్షిస్తే, వయసు వల్ల తగ్గిన దమ్ముకంటే ఆ మూడు వారాల్లో పోయిందే ఎక్కువ అని తేలింది. ముప్ఫై ఏళ్ళ వయసు చేయలేని పని మూడు వారాల మంచం చేసింది. మనది అంత పూర్తి పడక కాదనుకోండి, ఫ్రిజ్ దాకా నడక ఉంది, ఛార్జర్ కోసం లేవడం ఉంది, ఐనా దిగాల్సినంత దిగే ఉంటాం.

మరి ఆ సంగతి తెలిసిన మీరు ఏంచేయాలి? మెల్లిగా రానివ్వాలి. మీరేమో ఎక్కడ ఆపానో అక్కణ్ణుంచే అందుకోమంటారు. అదే బరువు, అదే దూరం, అన్నీ ఒకే రోజు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, నేనూ ఎగబడతాను, ఆ పూట హాయిగానే ఉంటుంది, అద్దంలో చూసుకుంటే అప్పుడే కాస్త తేడా కనిపించినట్టు కూడా ఉంటుంది. అసలు కథ మర్నాడు, ఇంకా చెప్పాలంటే ఆ మర్నాడు, ఎందుకంటే ఈ రకం నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్యలో ముదురుతుంది. ఎక్కడం పర్లేదు, మెట్లు దిగడమే నరకం, బరువు మోస్తూ సాగే కండే ఎక్కువ దెబ్బతింటుంది, దిగేటప్పుడు తొడ కండ చేసే పని సరిగ్గా అదే. రెండుచేతులా రెయిలింగ్ పట్టుకుని, ఒక కాలు కిందిమెట్టు మీద వేసి, రెండోదాన్ని దాని పక్కకి తెచ్చుకుని, కాసేపు ఆగి, మళ్ళీ ఒక కాలు. వెనకాల వచ్చేవాళ్ళు మొదట ఓపిగ్గా ఆగుతారు, తర్వాత తప్పుకుని దాటిపోతారు, ఒకాయన మాత్రం ఆగి ఎక్కడ పడ్డారండీ అని అడుగుతాడు. జిమ్‌లో అని చెప్తే మొహంలో జాలి పోయి వేరే ఏదో వస్తుంది. అలవాటు లేని ఔపాసనం చేయబోతే మీసాలు కాలాయన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఒక్కటి మాత్రం మీ పక్షాన ఒప్పుకోవాలి. 2010లో నార్వేలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, కష్టపడ్డప్పుడు కండ కణాల్లో పెరిగిన కేంద్రకాలు తర్వాత కండ చిక్కిపోయినా నెలల తరబడి పోకుండా ఉన్నాయి. ఒకప్పుడు చేసినవాళ్ళకి మళ్ళీ తొందరగా వస్తుందన్న మాటకి ఒక కారణం ఇది కావచ్చంటారు. ఎలుకలకైనా మంచి జరిగింది, సంతోషం.

ఈ సోమవారం గోల ఒకటుంది. 2014లో హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అని ముగ్గురు చూపించారు, వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో జనం డైట్ గురించి వెతకడం, జిమ్‌కి పోవడం పెరుగుతాయని. కొత్త పేజీ తిప్పితే కొత్త మనిషినైపోతాననే ఆశ అది. మంచిదే, కానీ దాని రెండో వైపు ఎవరూ చెప్పరు. మంగళవారం గుర్తొస్తే ఇంక వచ్చే సోమవారమే, ఆ సోమవారం ఇరవై ఏడో తారీకు ఐతే ఒకటో తారీకే, ఒకటో తారీకు శుక్రవారం పడితే వారం మధ్యలో ఎందుకులే అని మళ్ళీ సోమవారం. ఇన్ని ముహూర్తాలు పెళ్ళికి కూడా చూడరు. ఈలోగా ఊరికే కూర్చోం కదా, టైం టేబుల్ వేస్తాం. స్కెచ్ పెన్నులతో, గడులు గీసి. 5:00 లేవడం, 5:10 ధ్యానం, 5:30 నడక, 6:15 చదువు, అలా రాత్రి దాకా, ఎక్కడా ఐదు నిమిషాల సందు లేదు. ఆ టేబుల్ ప్రకారం నాకు ఫోన్ రాదు, గంట కొట్టేవాళ్ళు లేరు, రెండో సాక్సు వెతుక్కోవడం అన్న పనే లేదు, బాత్రూం విషయం చెప్పనే అక్కర్లేదు. గీయడంలోనే ఆదివారం అంతా ఐపోయి ఎంతో పని చేసినట్టు అలిసిపోయి పడుకుంటాం, పన్నెండున్నరకి.

ఆఫీసులో మొదటిరోజు గురించి ఎక్కువ రాయను. పాస్‌వర్డ్ గుర్తురాదు, గుర్తొచ్చేసరికి గడువు ముగిసిపోయి ఉంటుంది, కుర్చీ ఎత్తు ఎవరో మార్చేసి ఉంటారు. మెయిళ్ళలో సగం మనం లేకుండానే మొదలై, గొడవై, పరిష్కారమై, థాంక్యూలు కూడా చెప్పుకున్నవి. మనం లేకపోతే ఏదో ఆగిపోతుందనుకున్నాం చూడండీ, ఆ ముచ్చట అక్కడ తీరింది.

ఇప్పుడు అసలు మాట. ఈ బ్రేక్‌లో మీ గురించి చాలా గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను, "అప్పట్లో నేను రోజూ ఐదింటికే" అని. మొన్న ఫోన్లో ఆ పాత నెలల అడుగుల లెక్క, డైరీ రెండూ తీసి చూశాను. రొటీన్ గారూ, మీరు వారంలో సగం రోజులు అసలు లేనేలేరు! డైరీలో ఒక పేజీ నిండా ఉంది, తర్వాత పేజీలో తారీకు ఒక్కటే ఉంది, దాని తర్వాత పేజీలో కరెంట్ బిల్లు లెక్క ఉంది. నడక ఉన్న రోజులు కూడా ఏడింటికో ఏడున్నరకో. అంటే ఇన్నాళ్ళూ నేను పోగొట్టుకున్నానని బాధపడుతూ, అందుకోలేక వదిలేస్తూ ఉన్న ఆ ఘనమైన రొటీన్ ఎప్పుడూ జరగలేదు. ఉన్నది ఓ మాదిరి రొటీన్, తప్పుతూ వస్తూ ఏదో నడిచింది, ఆ మాదిరిదానితోనే పన్లన్నీ జరిగాయి కూడా. మీరు మాత్రం ఆ లేని గొప్పని ఫోటో కట్టించి గోడకి తగిలించి, దాని కింద నిలబెట్టి నన్ను కొలుస్తున్నారు. ఇది అన్యాయం కాదా.

కాబట్టి చేరతాను కానీ ఆ ఓ మాదిరి రొటీన్‌లోనే చేరతాను. లేవడం ఇప్పుడు లేస్తున్న టైముకి పావుగంట ముందు, అది కుదిరాక ఇంకో పావుగంట, లేవగానే కర్టెన్ తీయడం నా పూచీ. నడక పది నిమిషాలే, బాగున్నా సరే పదే, పదకొండో నిమిషానికి మీరు బతిమాలినా నడవను. బరువులు పాతవాటిలో సగం. ధ్యానం, డైరీ, కొత్త భాష నేర్చుకోవడం, ఇవన్నీ ప్రస్తుతానికి దరఖాస్తులో లేవు, మీరు కాలమ్ ఖాళీ వదిలేయండి. ఒకరోజు రాకపోతే మర్నాడు వస్తాను, కారణం రాయను, మీరు అడగకూడదు, ఏడుపు బొమ్మ పెట్టకూడదు.

చేరేది బుధవారం. అవును, బుధవారమే, నెల మధ్యలో, ఏ విశేషమూ లేని బుధవారం. అదీ సాయంత్రం పూట. కాదంటే తిరుగుటపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
మీ పాత (పార్ట్‌టైం) ఉద్యోగి

తా.క. మీ స్టాఫ్‌లో స్నూజ్ బటన్ అని ఒకడున్నాడు, 1956లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు అలారం గడియారంలో పెట్టినప్పట్నుంచీ ఇక్కడే పాతుకుపోయాడు. మీ జీతం తింటూ నా పక్షాన పనిచేస్తున్నాడు. వాణ్ణి తీసేయమని అడగట్లేదు, ఒక్కసారికి మించి నొక్కనివ్వద్దని మీరే కాస్త గట్టిగా చెప్పండి, నేను చెప్తే వినట్లేదు.