డైటెటిక్స్ పాఠం చెప్పేవారు ఎక్కడి నుంచి వచ్చారు?

40 కిలోల బరువున్న రోగి 12 రోజులుగా దాదాపు ఏమీ తినలేదనుకుందాం. ట్యూబ్ ద్వారా ఆహారం మొదలుపెట్టాలి. తొలిరోజు ఎన్ని కేలరీలు ఇవ్వాలి? మామూలు సూత్రం పట్టుకుంటే కిలోకు 30 చొప్పున 1200 కిలోకేలరీలు. గుణకారంలో తప్పేమీ లేదు. కానీ ఆ అంకె వేసి వార్డుకు పంపితే ప్రాణం మీదికి రావచ్చు. అన్నాళ్లు పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం చేరగానే ఇన్సులిన్ పెరుగుతుంది. దాంతో రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. అప్పటికే అడుగంటిన థయమిన్ (విటమిన్ బి1) ఇంకా ఖర్చవుతుంది. గుండె లయ తప్పుతుంది, ఊపిరి తీయించే కండరాలు నీరసిస్తాయి. దీన్నే రిఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకం 10 రోజులకు మించి తిండి లేనివారిని అధిక ముప్పున్నవారిగా లెక్కించింది. వారికి రోజుకు కిలోకు 10 కిలోకేలరీలు మించకుండా మొదలుపెట్టి 4 నుంచి 7 రోజుల్లో నెమ్మదిగా పెంచమంది. అంటే ఈ రోగికి 400. అమెరికాలో పోషకాహార చికిత్స నిపుణుల సంస్థ ఆస్పెన్ వారు 2020లో తొలి 24 గంటలకు కిలోకు 10 నుంచి 20 అన్నారు. అంటే 400 నుంచి 800. ఏ దారిన పోయినా 1200 రాదు.

ఈ ఒక్క కేసును తరగతిలో ఎవరు చెబుతారన్నదే మా ప్రశ్న. ఇన్సులిన్ వెంట ఫాస్ఫేట్ ఎందుకు కదులుతుందో బయోకెమిస్ట్రీ నుంచి వచ్చిన అధ్యాపకుడు అందరికంటే బాగా చెబుతాడు. కానీ కాలిక్యులేటర్ తీసే ముందే "ఈయన ఎన్నాళ్లుగా తినలేదు? నిన్నటి ఫాస్ఫేట్ రిపోర్టు ఏది? థయమిన్ మొదలుపెట్టారా?" అని అడగడం వార్డులో పని చేసినవారికి అలవాటైన పని. విద్యార్థికి కారణమూ కావాలి, అలవాటూ కావాలి. అందుకే పోషకాహార, డైటెటిక్స్ (ఆహారంతో చేసే చికిత్స) విభాగంలో అధ్యాపకుల వృత్తి నేపథ్యం అన్నది వెబ్‌సైట్‌లో ఫోటో కింద రాసే రెండు వాక్యాల విషయం కాదు. ఆ విభాగం నుంచి ఏ రకం డైటీషియన్లు బయటికి వస్తారో చాలావరకు అదే తేలుస్తుంది.

ఈ చదువు ఒకే ఇంట్లో పుట్టినది కాదు. అమెరికా రసాయన శాస్త్రవేత్త ఆట్వాటర్ 19వ శతాబ్దం చివర్లో మనుషుల్ని కేలరీమీటర్ (ఒంటి నుంచి వెలువడే వేడిని కొలిచే) గదిలో కూర్చోబెట్టి శక్తి లెక్కలు తీశారు. మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9, పిండిపదార్థాలకు 4 అని ఈనాటికీ వాడుతున్న అంకెలకు మూలం ఆ పనే. 1899లో మొదలైన లేక్ ప్లాసిడ్ సమావేశాల్లో ఎలెన్ స్వాలో రిచర్డ్స్ తదితరులు గృహవిజ్ఞానానికి విశ్వవిద్యాలయంలో చోటు కోసం బాట వేశారు. 1912లో జీవరసాయన శాస్త్రవేత్త కాసిమిర్ ఫంక్ 'విటమిన్' అన్న మాటను తెచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1917లో, క్లీవ్‌లాండ్‌లో అమెరికన్ డైటెటిక్ అసోసియేషన్ ఏర్పడింది. ప్రయోగశాల, వంటగది, ఆసుపత్రి ఇలా మూడు వేర్వేరు గడపలు దాటి వచ్చినవారు ఒకే విభాగంలో చేరారు. ఇప్పటికీ చాలా విభాగాల్లో ఆ గడపలు కనిపిస్తూనే ఉంటాయి. చిక్కల్లా, పోస్టు ఖాళీ అయినప్పుడు ఎంపిక సంఘం కళ్లకు ఒక్క గడపే కనబడడం. ప్రచురించిన పత్రాలెన్ని, తెచ్చిన ప్రాజెక్టు నిధులెన్ని అన్నవే తూకం రాళ్లయితే పదిహేనేళ్లు వార్డులో తిరిగిన డైటీషియన్ దరఖాస్తు తొలి వడపోతలోనే పక్కకు పోతుంది.

ట్యూబ్ ఫీడింగ్ పాఠమే తీసుకోండి. మి.లీ.కి ఒక కిలోకేలరీ, లీటరుకు 40 గ్రాముల మాంసకృత్తులు ఉండే ఫార్ములాను గంటకు 75 మి.లీ. చొప్పున 20 గంటలు ఇస్తే 1500 కిలోకేలరీలు, 60 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. పుస్తకంలో లెక్క ఇక్కడితో అయిపోతుంది. వార్డులో అసలు పని ఇక్కడే మొదలవుతుంది. స్కానింగ్ కోసం ఫీడ్ ఆపుతారు, మందు వేయడానికి ఆపుతారు, ట్యూబ్ మూసుకుపోయిందని ఆపుతారు. అలా రోజులో 6 గంటలు పోతే అందేది 1050 మి.లీ. మాత్రమే. 450 కిలోకేలరీలు, 18 గ్రాముల మాంసకృత్తులు గల్లంతు. వారం పాటు ఇలాగే సాగితే రోగి ఎందుకు కోలుకోవడం లేదో ఆర్డర్ షీట్ చూసేవారికి అంతుపట్టదు, ఎందుకంటే కాగితం మీద అంతా సరిగ్గానే ఉంటుంది. క్లినికల్ అనుభవం ఉన్న అధ్యాపకులు "ఎంత రాశారు" అని ఆగిపోరు, "ఎంత లోపలికి వెళ్లింది" అని నర్సింగ్ చార్టు తీయిస్తారు. ఫార్ములాలో నీరు 85 శాతం దాకానే ఉంటుందనీ, 1500 మి.లీ. ఫీడ్‌ను 1500 మి.లీ. నీరుగా లెక్కించి మిగతా నీళ్లు ఇవ్వడం మానేస్తే ఒంట్లో నీరు తగ్గిపోతుందనీ హెచ్చరించేదీ వారే.

అలాగని ఆసుపత్రి అనుభవం ఒక్కటే చాలనడం లేదు. వార్డు విడిచి చాలా ఏళ్లయినవారి అనుభవం, విడిచిన రోజు దగ్గరే ఆగిపోతుంది. దీనికి కాలేయం తయారుచేసే రక్త ప్రొటీన్ ఆల్బుమిన్ మంచి ఉదాహరణ. రక్తంలో ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాముల కన్నా తగ్గితే పోషకాహార లోపమని ఒక తరం నేర్చుకుంది, తర్వాతి తరానికి అదే నేర్పింది. ఆల్బుమిన్ సగం తరగడానికి సుమారు 20 రోజులు పడుతుంది. మరి ఇన్‌ఫెక్షన్ వచ్చిన రెండు రోజుల్లోనే అది ఎలా పడిపోతోంది? జబ్బుకు ఒళ్లు స్పందించడంలో వచ్చే వాపు (ఇన్‌ఫ్లమేషన్) వల్ల రక్తనాళాల్లోంచి బయటికి జారిపోతుంది, కాలేయం వేరే ప్రొటీన్ల తయారీకి మళ్లుతుంది. అంటే ఆ అంకె రోగి తిండి కంటే జబ్బు తీవ్రత గురించే ఎక్కువ చెబుతోందన్నమాట. 2019లో అంతర్జాతీయ పోషకాహార నిపుణులు వెలువరించిన గ్లిమ్ ప్రమాణాలు లోపాన్ని వేరే దారిలో గుర్తిస్తాయి. బరువు తగ్గడం, బీఎంఐ తక్కువగా ఉండడం, కండ తగ్గడం, వీటిలో ఒకటైనా ఉండాలి. దానికి తోడు తిండి తగ్గడం లేదా ఒంటికి పట్టకపోవడం, జబ్బు వల్ల వచ్చిన వాపు, ఈ కారణాల్లో ఒకటైనా ఉండాలి. ఈ మార్పు ఎందుకు వచ్చిందో పరిశోధనలు చదివి విడమరిచే శిక్షణ ఉన్నవారు విభాగంలో లేకపోతే పాత నోట్సే చేతులు మారుతూ పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా చిన్నచూపుకు గురయ్యేది ఫుడ్ సర్వీస్ (పెద్ద వంటశాలల నిర్వహణ) నేపథ్యం. చాలాచోట్ల ఈ పేపరును కొత్తగా చేరినవారికి అప్పగించేస్తారు. పెద్ద వంటశాలలో పని చేయని మనిషి దాన్ని సంస్థాగత చార్టులు, కొనుగోలు విధానాల పాఠంగా మార్చేస్తారు. 10 మందికి సరిపోయిన వంటకాన్ని 200 మందికి చేయాలంటే అన్నిటినీ 20తో గుణిస్తే కుదరదు. పెద్ద పాత్రలో లోతు పెరిగిన కొద్దీ ఆవిరయ్యే నీటి వాటా తగ్గుతుంది. నీళ్లు 20 రెట్లు పోస్తే వంట పలచబడి, ఒక్కో గరిటెలో పోషకాలు లెక్క వేసినదాని కన్నా తక్కువ పడతాయి. అందుకే ముందు 50 మందికి చేసి, దిగుబడి తూచి, అక్కడి నుంచి పెంచాలి. చల్లార్చడం ఇంకో గండం. వండినదాన్ని నిల్వ చేయాలంటే 60 డిగ్రీల సెల్సియస్ నుంచి 21కి 2 గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో 4 గంటల్లో దిగాలి. లోతైన గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెడితే నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది, సూక్ష్మజీవులకు కావలసిందీ అదే. 5 సెంటీమీటర్ల లోతు మించని పళ్లేల్లో పరచి చల్లార్చాలని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. థర్మామీటర్ గుచ్చి, అరగంటకోసారి రాయించి, ఎందుకు దిగలేదో విద్యార్థితోనే కనిపెట్టించాలంటే మాత్రం ఆ పని చేసిన మనిషే కావాలి.

వండక ముందు తూకం, వండాక తూకం అన్న తేడాకూ మూలం వంటగదే. పొడి ధాన్యం 100 గ్రాములకు సుమారు 350 కిలోకేలరీలు. వండితే నీరు పీల్చుకుంటుంది కాబట్టి అదే 100 గ్రాములకు సుమారు 130. రోగి పళ్లెంలోని 200 గ్రాముల వండిన పదార్థానికి పొడి ధాన్యం పట్టిక వాడిన విద్యార్థి 260 రాయాల్సిన చోట 700 రాస్తాడు. ఉప్పు, సోడియం తికమక కూడా ఇలాంటిదే. 5 గ్రాముల ఉప్పులో సోడియం సుమారు 2 గ్రాములే. "2 గ్రాముల సోడియం" అన్న ఆర్డరును 2 గ్రాముల ఉప్పుగా వంటశాలకు పంపితే రోగి చప్పిడి తిండి నోట పెట్టలేక మానేస్తాడు, సోడియం మీద పెట్టిన శ్రద్ధంతా ఆకలితో మాడడంగా ముగుస్తుంది. ల్యాబ్‌లో ఇలాంటి తప్పులు దొరకవు.

ప్రజారోగ్యం నుంచి, ఎపిడెమియాలజీ (జనాభాలో జబ్బుల వ్యాప్తి, కారణాల అధ్యయనం) నుంచి వచ్చినవారి అవసరం వేరు. "నిన్న ఏం తిన్నారు?" అని అడగడం తేలికే అనిపిస్తుంది. సరైన 24 గంటల ఆహార సేకరణలో అయిదు దశలుంటాయి: ముందు అడ్డు చెప్పకుండా చకచకా జాబితా, తర్వాత మరిచిపోయే పానీయాలు, చిరుతిళ్ల గురించి ఆరా, ఆపైన తిన్న వేళ, సందర్భం, ఆ తర్వాత ఒక్కోదాని పరిమాణం, తయారీ, చివరగా మరోసారి తరచి చూడడం. అడిగేవారి ముఖంలో కాస్త ఆక్షేపణ కనిపించినా సమాధానం మారిపోతుంది. ఇంతా చేసి వచ్చింది ఒక్కరోజు లెక్కే, దాన్ని ఆ మనిషి రోజువారీ అలవాటుగా రాయకూడదు. ఈ హద్దులు తెలియని అధ్యాపకుల పర్యవేక్షణలో ఒక్కరోజు సేకరణతోనే "ఇనుము లోపం ఉంది" అని తీర్పు చెప్పే ప్రాజెక్టు నివేదికలు తయారవుతాయి.

నియంత్రణ సంస్థలు ఈ విషయాన్ని పూర్తిగా వదిలేయలేదు. అంతర్జాతీయ డైటెటిక్ సంఘాల సమాఖ్య వృత్తిలో ప్రవేశానికి డిగ్రీతో పాటు కనీసం 500 గంటల పర్యవేక్షిత శిక్షణ ఉండాలంటుంది. అమెరికాలో అది కనీసం 1000 గంటలు. అక్కడ 2024 జనవరి 1 నుంచి రిజిస్ట్రేషన్ పరీక్షకు కూర్చోవాలంటే పీజీ డిగ్రీ కూడా తప్పనిసరైంది. బ్రిటన్‌లో 'డైటీషియన్' అన్న పేరుకు చట్టరక్షణ ఉంది, నమోదు లేనివారు వాడకూడదు; 'న్యూట్రిషనిస్ట్' అన్న పేరుకు ఆ రక్షణ లేదు. విద్యార్థికి ఇన్ని గంటలు వార్డులో గడపాలని షరతు పెట్టినప్పుడు, ఆ గంటలకు అర్థం చెప్పాల్సిన అధ్యాపకులు చివరిసారి ఎప్పుడు వార్డులో ఉన్నారో అడగడం న్యాయమే కదా.

ఒక్క మనిషిలోనే అన్ని నేపథ్యాలూ వెతకడం దండగ. ఆరుగురు శాశ్వత అధ్యాపకులున్న విభాగాన్ని ఊహిస్తే, మా అంచనాలో ఇద్దరు క్లినికల్ నుంచి, ఒకరు బయోకెమిస్ట్రీ లేదా ఫిజియాలజీ నుంచి, ఒకరు ప్రజారోగ్యం, గణాంకాల నుంచి, ఒకరు ఫుడ్ సర్వీస్ నుంచి, ఒకరు ఆహార విజ్ఞానం నుంచి రావాలి. కౌన్సెలింగ్ నైపుణ్యం వీరిలో ఒకరికైనా గట్టిగా ఉండాలి. క్లినికల్ వారికి వారంలో ఒక పూట ఆసుపత్రిలో పని కేటాయించి, దాన్ని బోధన గంటల్లోనే కలపాలి. సొంత సమయంలో వెళ్లిరండి అంటే తొలి సెమిస్టర్ దాటేసరికి ఆగిపోతుంది. ప్రొఫెసర్ హోదాకు పీహెచ్‌డీ లేకపోవడం అడ్డొస్తే ఆసుపత్రి డైటీషియన్‌ను అతిథి ఉపన్యాసానికి పిలిచి సరిపెట్టడం కన్నా, ఒక పేపరులో సగం మార్కుల బాధ్యతతో సహ అధ్యాపకురాలిగా నియమించడం మేలు. మూల్యాంకనం చేతిలో లేని మనిషి చెప్పిన పాఠాన్ని విద్యార్థులు పరీక్షకు పక్కన పెట్టేస్తారు.

పరిశ్రమ నుంచి వచ్చినవారి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఫార్ములా తయారీ, లేబులింగ్, షెల్ఫ్ లైఫ్ గురించి వారికి తెలిసినంత మరొకరికి తెలియదు, కాబట్టి వారిని దూరం పెట్టనక్కర్లేదు. అయితే పాత, ప్రస్తుత సంబంధాలను కోర్సు తొలిరోజే విద్యార్థులకు రాతపూర్వకంగా చెప్పాలి. శిశు ఆహారం, సప్లిమెంట్ల పాఠాల్లో ఇది మరీ ముఖ్యం.

విభాగంలో చేరబోయే విద్యార్థి అధ్యాపకుల పేజీ తెరిస్తే డిగ్రీల వరుస దగ్గరే ఆగకూడదు. వృత్తి నమోదు ఇప్పటికీ చెల్లుబాటులో ఉందా, చివరి క్లినికల్ లేదా క్షేత్రస్థాయి పని ఏ సంవత్సరంలో, చెప్పే పేపరుకూ చేసిన పనికీ పొంతన ఉందా అని చూడాలి. కీటకాల జీవరసాయనం మీద పరిశోధన చేసినవారు కిడ్నీ రోగుల డైట్ పేపరు చెబుతున్నారంటే, వారికి తోడుగా వార్డు మనిషి ఎవరున్నారో అడిగి తెలుసుకోవాలి.

ఎంపిక సంఘానికీ ఓ సూచన ఉంది. ఇంటర్వ్యూలో పరిశోధన ప్రజెంటేషన్‌కు 20 నిమిషాలు ఇస్తే, మరో 20 నిమిషాలు ఒక కేస్ షీట్‌కు ఇవ్వండి. పేరు తీసేసిన రిపోర్టులు, మందుల జాబితా, రెండు రోజుల ఫీడింగ్ చార్టు, అందులో కావాలని వదిలేసిన ఒక ఖాళీ, బహుశా ఎత్తు రాయకపోవడమో, బరువు ఎప్పుడు తూచారో లేకపోవడమో. దాన్ని విద్యార్థులకు చెబుతున్నట్టు చెప్పమనండి. కాళ్ల వాపున్న రోగి బరువును ఉన్నది ఉన్నట్టు సూత్రంలో వేసేస్తారా, లేక ముందు ఆగి "ఇందులో నీరెంత?" అని అడుగుతారా అన్నది రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది.