పక్కింటివాళ్ళను పరాయివాళ్ళను చేయకండి

‘పక్క అనేది ఉర్దూ పక్కా నుంచి వచ్చిన పరాయి మాట. స్వచ్ఛమైన తెలుగులో సమీపం అందాం.’ ఈ వాట్సాప్ మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్ళంతా తెలుగంటే ప్రేమ ఉన్నవాళ్ళే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

పక్కా ఇల్లు, పక్కా లెక్క అన్నప్పటి ‘పక్కా’ హిందీ, ఉర్దూల మీదుగా వచ్చిందే. దాని మూలం సంస్కృతంలోని ‘పక్వ’: పండినది, ఉడికినది. మన ‘పక్క’కు మూలం వేరు, సంస్కృతంలోని ‘పక్షం’. అంటే రెక్క, వైపు. ప్రాకృతంలో పక్ఖ, తెలుగులో పక్క. రాక్షసుడు రక్కసుడైనట్టు, అక్షరం అక్కరమైనట్టు ఇదీ మారింది. ప్రతిపక్షంలోనూ పక్షవాతంలోనూ ఉన్నది ఆ వైపే. పక్కింటిని తమిళులు ‘పక్కత్తు వీడు’ అంటారు, కన్నడిగులు ‘పక్కద మనె’ అంటారు. వాళ్ళందరూ ‘పక్కా’లో దీర్ఘం తీసేసి ఈ మాట తయారు చేసుకున్నారా?

ఇంకో వాదన: ‘పక్క’ తప్పు, ‘ప్రక్క’ అనే రాయాలట. రాసుకోండి, పాత పుస్తకాల్లో ఉంది. పొద్దు, కొత్త, బతుకు తప్పు కానప్పుడు పక్క ఎలా తప్పవుతుంది?

‘పక్క’కు పడక అనే అర్థం కూడా ఉంది కాబట్టి ‘పక్కింటమ్మాయి’ అనడం అసభ్యమట. దీనికి జవాబు అక్కర్లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ‘పక్క’ బయటి నుంచి వచ్చిందన్నది నిజమే. అది దేశ్యం, అంటే మొదటి నుంచీ మనదైన మాట కాదు; తద్భవం, అంటే సంస్కృతం నుంచి రూపం మార్చుకుని వచ్చిన మాట. కానీ దాన్ని తీసేసి మీరు పెట్టమంటున్న ‘సమీపం’ ఎక్కడిది? అచ్చంగా సంస్కృతం! తెలుగే కావాలంటే దగ్గర, చెంత, పొరుగు ఉన్నాయి కదా. పైగా అర్థమూ కుదరదు. సమీపంలోని ఇల్లు నాలుగు వీధుల అవతల ఉన్నా సమీపమే. పక్కిల్లంటే గోడకు గోడ. మన ఇంట్లో పోపు వేస్తే వాళ్ళకు ఘాటు తగిలేంత దూరం.

ఈ మెసేజ్ ఫోన్లలోనే ఆగిపోతే ఇంత బాధపడేవాణ్ణి కాదు. మా అక్క కూతురు నోటుబుక్కులో ‘మా పక్కింటి మామ్మ నాకు కథలు చెబుతుంది’ అని రాసింది. టీచరు దాన్ని కొట్టేసి ‘మా సమీప గృహంలోని వృద్ధురాలు’ అని దిద్దారు. ఆ పిల్ల ఆ మామ్మ చేతి గోరుముద్దలు తిని పెరిగింది. రాసిన వాక్యంలో ఒక్క తప్పు లేదు. దయచేసి ఆ ఎర్రగీత వెనక్కి తీసుకోండి.