సవరణ: సూది ప్రమాదం, కౌన్సెలర్ పని

హెచ్‌ఐవి సేవల్లోని ఉద్యోగాలపై మొన్న రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి.

రోగికి వాడిన సూది గుచ్చుకుంటే నర్సుకు వైరస్ సోకడం దాదాపు ఖాయమన్నాను. కాదు. హెచ్‌ఐవి ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకున్నా సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యిలో మూడు. అదీ మందులేవీ వాడకపోతే. గుచ్చుకున్న చోట సబ్బు, నీళ్లతో కడిగి, వీలైతే కొన్ని గంటల్లోనే, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆ కాస్త ముప్పూ బాగా తగ్గుతుంది. నా వాక్యం చదివి ఈ వృత్తిలోకి రావడానికి ఎవరైనా జంకి ఉంటే ఆ పాపం నాదే.

పరీక్ష ఫలితం చెప్పడంతో కౌన్సెలర్ పని ముగుస్తుందనీ రాశాను. అసలు పని అక్కడే మొదలవుతుంది. ఫలితం విన్న మనిషికి ఆ తర్వాతి మాటలు చాలావరకు చెవికెక్కవు. వాటినే మరోసారి, ఇంకోసారి చెప్పాలి. మాత్రల డబ్బా ఇంట్లో ఎక్కడ దాచుకోవాలి, భార్యకు ఎలా చెప్పాలి వంటి ప్రశ్నలు అప్పుడు వస్తాయి. హెచ్‌ఐవితో జీవిస్తున్నవారు కూడా ఈ పనిలో ఉన్నారన్న సంగతి ప్రస్తావించనేలేదు. అలాంటి ప్రశ్నలకు చాలాసార్లు వారి జవాబే సూటిగా తగులుతుంది.